అరవై ఇంటూ నలభై

పూర్ణా మార్కెట్ వెనక సందులో కొన్న రాగి పలక
నెల రోజులుగా డైనింగ్ టేబుల్ మీద పడుంది.
మొదటివారం అందులో నా మొహం కనిపించేది.
కిటికీలోంచి ఉప్పుగాలి వచ్చి వేలిముద్రలు వేసి పోయాక
ఇప్పుడెవరిదో మొహం.

కావలసింది చిన్న ముక్క.
అరవై మిల్లీమీటర్ల పొడవు, నలభై వెడల్పు.
మైలపల్లి తాతయ్యలు బోటు అడుగున
నీరు చేరితే కూత పెట్టే అలారం.
సబ్బుపెట్టెలో పట్టాలి.
"ఏటమ్మా, వేట నిషేధం అయిపోతాంది"
రెండుసార్లు ఫోన్ చేశాడు.
లెక్క కుదిరింది, టంకం కుదిరింది,
కొయ్యడం దగ్గర కూలబడ్డాను.

ముందు ఆక్సా బ్లేడు పట్టాను.
నాలుగు కోతలకే పళ్ళు అరిగాయి దానికి.
టేబుల్ నిండా పెసరపిండిలా పొడి.
పిండి కాదు, గాజు.
రాత్రంతా మోచేతులు గోక్కుంటూ తెలుసుకున్నాను.

రేకుల కత్తెర నోట పెడితే
పలక తెగింది గానీ
అంచు పొడవునా లోపలి పొరలు విడిపోయి
కాలినచోట కొత్త చర్మంలా
తెల్లగా పాకింది మచ్చ.

గిలెటిన్ కట్టర్ ఎనిమిది వేలట.
తాతయ్యలు ఇచ్చేది పన్నెండొందలు.
ఆ మాట అక్కడితో సరి.

డాబాగార్డెన్స్‌లో పళ్ళ సెట్లు చేసే ఇస్మాయిల్
తన బుల్లి గ్రైండర్ రెండ్రోజులకి ఇచ్చాడు.
డైమండ్ చక్రం.
వెన్నలో దారంలా దిగింది,
వీధి వీధంతా పంటి కింద రాయి పడ్డట్టు కీచుమంది.
కింద వాటాలో కృపావతి పగలు పడుకుంటుంది,
చినవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
జుట్టు విరబోసుకునే మెట్లెక్కి వచ్చింది.
తిడుతుందనుకున్నాను.
గుమ్మంలో నిలబడి గాలిలో తేలే పొడిని చూసింది,
నా ముక్కుని చూసింది.
"ఇసక కొట్టే పనివాళ్ళ ఎక్స్‌రేలు చూస్తాను నేను.
ఊపిరితిత్తుల్లో మంచు కురిసినట్టుంటుంది.
మన వైజాగ్‌లో మంచెక్కడిదే?"
అని, నా కొంగు లాగి నా మూతికే కట్టి
దిగిపోయింది.

గ్రైండర్ తుడిచి ఇచ్చేశాను.

సింధియా నుంచి ఏదో పనిమీద వచ్చిన సన్యాసప్పడు,
షిప్‌యార్డులో ముప్పై రెండేళ్ళ ఫిట్టరు,
చెత్తబుట్టలో అరిగిన బ్లేడు చూసి
"పారేత్తావేటి?" అన్నాడు.
పట్టుకెళ్ళాడు.
మర్నాడు తెచ్చాడు, సగానికి విరిచి,
కొసన పిల్లిగోరులా సాన పట్టి,
పిడికి సైకిల్ ట్యూబు చుట్టి.
"కొయ్యకమ్మా. గీత గియ్యి.
ఎక్కడ ఇరగాలో దానికి సెప్పు,
అదే ఇరుగుతాది."

స్టీలు స్కేలు అదిమి పట్టాను.
తడిగుడ్డతో ఒకసారి తుడవడం, ఒకసారి గియ్యడం.
గోరు కింద రాగి సన్నటి తీగలై లేచింది,
ఆ తర్వాత పచ్చటి గాజు.
ఇటువైపు ఇరవై, తిప్పి అటువైపు ఇరవై,
లెక్క తప్పి ఇంకో నాలుగు.
తడిసిన పొడి గుడ్డకే అంటుకుంది,
గాలికి ఏమీ మిగల్లేదు.
మధ్యాహ్నం రెండుంబావు.
కింద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు
నాకు వినిపిస్తూనే ఉంది.

గీతని టేబుల్ అంచుకి చేర్చి
అరచేత్తో ఒక్క నొక్కు.

టక్.

కందికాయ విరిచినంత శబ్దం.

అరవై ఒకటి వచ్చింది, అరవై కాదు.
కుళాయి కింద గరుకుకాగితం మీద
ఆ ఒక్కటీ అరగదీశాను.
బకెట్లో ముంచితే కూసింది, తీస్తే ఆగింది.
తాతయ్యలు నవ్వాడు, మళ్ళీ ముంచాడు,
పిల్లాడిలా ఇంకోసారి ముంచాడు.
సముద్రం మీద మాత్రం
ఇది ఎప్పటికీ నోరు తెరవకూడదని
చెవి దగ్గర పెట్టుకుని ఏదో గొణిగి
లుంగీ మడతలో దోపుకున్నాడు.

పిల్లిగోరు ఇప్పుడు వంటింట్లో
కత్తిపీట పక్కన మేకుకి వేలాడుతోంది.
టేబుల్ అంచున చిన్న నొక్కు పడింది.
అన్నం తినేటప్పుడు
బొటనవేలు దాన్ని వెతుక్కుంటుంది.